ఏ నిర్ణయానికి?

ఆ వానాకాలం మంగళవారాలు నావి కావు. మధ్యాహ్నం రెండయ్యేసరికి గొడుగు దులుపుకుంటూ వృద్ధుల హోములో, భోజనాల గదిలో నిలబడాల్సి వచ్చేది. పద్దెనిమిది మంది ఆయాలు, నలుగురు నర్సులు, ఒక వంటావిడ, ఎందుకొచ్చి కూర్చునేవాడో ఎవరికీ తెలియని వాచ్‌మన్. వీళ్లందరికీ కొత్తగా వచ్చిన చట్టం ఎనిమిది వారాల్లో నేర్పాలి. పదేళ్లు ఒక వకీలుగారి ఆఫీసులో ఫైళ్లతో కుస్తీ పట్టి, ఆ తర్వాత ఈ శిక్షణల పనిలో పడ్డదాన్ని నేను. చట్టాన్ని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతానని నాకు పేరు. ఆ పేరంటే నాకు కాస్త మోజు కూడా.

నిజానికి ఆ చట్టం బ్రహ్మవిద్యేం కాదు. వయసు మీదపడిందనో, జబ్బు చేసిందనో, మాట తడబడుతోందనో ఒక మనిషికి నిర్ణయం తీసుకునే సామర్థ్యం లేదనేయకూడదు. ఉందనే మొదలుపెట్టాలి. అనుమానం వస్తే, ఏ నిర్ణయానికి లేదో విడిగా చూడాలి. ఆపరేషన్ సంగతి బుర్రకెక్కని మనిషి ఏ చొక్కా వేసుకోవాలో తనే చెప్పగలడు. అర్థమయ్యేలా చెప్పి, మనిషి హుషారుగా ఉండే వేళ చూసి అడగాలి. ఇంతా చేశాక ఆ మనిషి మనకి నచ్చని పని చేస్తానంటే, అది తెలివితక్కువ పనే అయినా సరే, నోరు మూసుకుని ఒప్పుకోవాలి. ఈ చివరిది చెప్పినప్పుడు మాత్రం గదిలో గోల లేచింది.

“చలికాలంలో చన్నీళ్లు పోసుకుంటానంటే?” అంది వంటావిడ.

“పోసుకోనివ్వండి.”

“జ్వరమొస్తే ఎవరి పీకల మీదికొస్తుందండీ?”

“ఎందుకు వద్దో చెప్పారా, ఆయనకి అర్థమైందా, అదంతా రాసి పెట్టారా. మీ పూచీ అక్కడివరకే.”

“అంటే స్నానం ఆయనిష్టం, రాతకోతలు మా ఖర్మ” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ముందు వరసలో కూర్చున్న పెద్దాయా నవ్వలేదు, రాసుకుంటోంది. ఆ హోములో ఇరవై రెండేళ్లుగా ఉందిట. అందరికంటే పొడుగు, అందరికంటే పాత. అందుకే పెద్దాయా. చించిన క్యాలెండర్ కాగితాలు తిరగేసి కుట్టుకున్న పుస్తకంలో, నేను చెప్పిన ప్రతి ముక్కా పొల్లుపోకుండా ఎక్కించుకునేది.

నిర్ణయ సామర్థ్యం లేకపోవడం అంటే ఎలా ఉంటుందో వాళ్లకి చూపించాలి కదా. మొదటివారమే మా అత్తగారిని ఉదాహరణ చేశాను.

“మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. ఏదడిగినా ‘ఊఁ’ అంటారు. తిన్నారా అంటే ఊఁ. తినలేదా అంటే ఊఁ. ఆవిడ తరఫున అన్నీ మేమే చూసుకుంటాం, ఆవిడ మంచి కోరి.”

“అయ్యో పాపం” అన్నారు అందరూ. ఉదాహరణ బాగా అతికింది. రెండోవారం, మూడోవారం కూడా వాడుకున్నాను.

ఒక్కటి చెప్పాలి. అత్తయ్యని మేం బాగా చూసుకున్నాం. ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. విడిగా గది, గదిలో టీవీ, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పక్కన తోడుండే మనిషి, వేళకి మాత్రలు. కాఫీ తాగితే నిద్ర పట్టదని మాన్పించి పాలు అలవాటు చేశాను. జుట్టు చిక్కులు పడుతోందని పొట్టిగా కత్తిరించాను. అడిగి చేశావా అంటే, అడిగే చేశాను. ఊఁ అంది. అత్తయ్య ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసిన మనిషి. రెండొందల మంది పిల్లలు ఆవిడ చెప్పుల చప్పుడికే దీపాలార్పి పడుకునేవాళ్లని మా ఆయన గొప్పగా చెప్పేవాడు. అలాంటి మనిషి ఇంత నెమ్మదిగా మారిపోయినందుకు జాలిపడేవాళ్లం. లోపల నాకు కాస్త సుఖంగా కూడా ఉండేది. ఆ మాట దాచుకోను.

నాలుగో మంగళవారం పెద్దాయా చెయ్యెత్తింది.

“మేడమ్, మీ అత్తగారికి సామర్థ్యం లేదన్నారు కదా. ఏ నిర్ణయానికండీ?”

“అన్నిటికీ” అన్నాను.

“అన్నిటికీ అని రాయకూడదని మీరే చెప్పారండీ, రెండోవారం.” కాగితాలు తిప్పి వేలు పెట్టి చూపించింది. “ఇదిగో. అందుకే అడుగుతున్నాను. ఏ నిర్ణయమో చెబితే అది రాసుకుంటాను.”

వెటకారం కాదు. నిజంగానే, తప్పు రాసుకోకూడదని అడిగింది. అత్తయ్య దగ్గర కూర్చుని, ఒక్క విషయం ఎంచుకుని, అర్థమైందా లేదా అని నేను ఒక్కసారి కూడా చూడలేదు. టైమైపోయింది, వచ్చేవారం చూద్దాం అన్నాను. గోడ గడియారంలో ఇంకా ఇరవై నిమిషాలుంది. అందరూ గడియారం వైపే చూశారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో జీతం తీసుకుంటూ ఇంటి సంగతి మర్చిపోయాను. అయినా అప్పటికి పంతమే ఎక్కువగా ఉంది. ఈ ఆయాకేం తెలుసు, వచ్చి చూస్తే తెలుస్తుంది అనుకున్నాను.

ఐదోవారం తోడుండే మనిషి చెల్లెలికి పురుడని సెలవు పెట్టింది. మా ఆయనకి ఆఫీసులో తనిఖీ. వేరే దారి లేక అత్తయ్యని చక్రాల కుర్చీలో హోముకి తీసుకెళ్లాను. క్లాసుకి ముందు భోజనాల గది ఇంకా ఖాళీ కాలేదు. నలభై మంది ముసలివాళ్లు, గిన్నెల మోత, ఎవరో ఎవరినో కేకలేస్తున్నారు, ఒకాయన తన చెంచా ఎవరో కొట్టేశారని పంచాయితీ పెట్టాడు. తలనొప్పి వచ్చే గోల. అత్తయ్య వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. కళ్లు ఈ బల్ల నుంచి ఆ బల్లకి తిరుగుతున్నాయి. అలా కూర్చోవడం చూసి మూడేళ్లయింది.

పెద్దాయా రెండు కప్పులు తెచ్చింది. ఒకటి పాలు, ఒకటి కాఫీ. నోటితో అడగలేదు, రెండూ ఎదురుగా పెట్టి వాసన తగిలేదాకా ఆగింది. అత్తయ్య ఎడమచేత్తో కాఫీ వైపు చూపించింది. పెద్దాయా వెంటనే ఇవ్వలేదు. కప్పులు అటుదిటు, ఇటుదటు మార్చి మళ్లీ ఆగింది. అత్తయ్య చెయ్యి కూడా అటు మారింది, మళ్లీ కాఫీకే.

“పక్కనున్నదాన్ని తీసుకుంటున్నారేమో అని చూశానండి” అంది నాతో. “పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరు అన్నిటికీ ఊఁ అనే అంటారు. ఆ ఊఁని పట్టుకుంటే లాభం లేదు. చేతిని చూడాలి.”

నేను చెప్పిన చట్టంలో ఆ మాట లేదు. ఇరవై రెండేళ్ల పనిలో నేర్చుకున్నది.

సాయంత్రం బయల్దేరేటప్పుడు అత్తయ్య బల్ల అంచు పట్టుకుంది. ఇంటికెళ్దాం రండి, చీకటి పడుతోంది అన్నాను. ఊఁ అంది. పట్టు వదలలేదు. బతిమాలాను. ఊఁ. చివరికి నేనే ఆవిడ వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాను. ఒక మనిషిని బలవంతాన కదిలించడం ఎప్పుడు తప్పో, అదే గదిలో గంట కిందటే బోర్డు మీద రాశాను. నా రాత ఇంకా చెరపలేదు. ఆయాలు తలా ఒక పనిలో పడ్డారు. పెద్దాయా కారు దాకా గొడుగు పట్టింది.

శిక్షణలో చివరి భాగం ఏమిటంటే, ప్రతి ఒక్కరూ ఒక మనిషిని ఎంచుకుని, ఒక నిర్ణయం గురించి పద్ధతిగా కనుక్కుని ఫారం నింపాలి. మర్నాడు పెద్దాయా ఫోన్ చేసింది.

“మీ అత్తగారిని ఎంచుకున్నానండి. ఆవిడ ఎక్కడ ఉండాలనుకుంటున్నారు, అదీ నిర్ణయం. మా దగ్గర ఆడవాళ్ల గదిలో ఒక మంచం ఖాళీగా ఉంది.”

“నన్ను అడగకుండానే ఎలా...” అన్నాను.

“ముందు ఆవిణ్ణే అడగాలి కదండీ. నిన్న క్లాసయ్యాక ఆ గది చూపించి అడిగాను. మీకిప్పుడు చెబుతున్నాను.”

ఆ సంగతి ఇంట్లో చెబితే మా ఆయన మొహం నల్లబడింది.

“మా అమ్మని హోములో పెట్టడమా? నేను బతికుండగానా?”

“పెట్టడం కాదు. ఆవిడ వెళ్తానంటున్నారేమో కనుక్కోవడం.”

“ఏమైనా ఒకటే. తల్లిని వదిలించుకున్నాడంటారు నలుగురూ.”

“ఆ నలుగురికీ నేను చెబుతాను.”

“ఏమని? పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషి తనే వెళ్తానందనా? నమ్ముతారా?”

“నమ్మరు” అన్నాను.

అబద్ధం ఆడి లాభం లేదు, ఆ విషయంలో నేనూ ఆయన పక్షమే. కోడలు అత్తగారిని హోముకి తోలేసిందంటే మాట పడేది ముందు నేను. ఆయన బాధ మాత్రం వేరు. తల్లి అంటే ఆయనకి ప్రాణం. రోజూ ఆఫీసు నుంచి రాగానే బూట్లు విప్పకుండానే ఆవిడ గదిలోకెళ్లి పావుగంట కూర్చునేవాడు. ఆవిడ ఊఁ అనేది, ఆయన ఆఫీసు కబుర్లు చెప్పేవాడు. ఆ పావుగంట తప్ప మిగతా రోజంతా ఆవిడ ఏం చేస్తుందో ఇద్దరికీ తెలియదు.

శనివారం పొద్దున పదింటికి పెద్దాయా మా ఇంటికొచ్చింది. ఆ వేళ తనే ఎంచుకుంది. “ఎక్కడ కూర్చుంటే అదే బాగున్నట్టుంటుందండి మనుషులకి. అందుకని ఒకసారి అక్కడ అడిగాను, ఒకసారి ఇక్కడ అడగాలి” అంది. టీవీ కట్టేయించింది. అత్తయ్య ఎదురుగా కూర్చుని బల్ల మీద రెండు ఫోటోలు పెట్టింది. ఒకటి మా ఇంట్లో ఆవిడ గది, రెండోది హోములో ఆడవాళ్ల గది. మా ఆయన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

హోము గొప్పలు చెబుతుందేమోనని చూశాను. చెప్పలేదు. చెడ్డవే ముందు చెప్పింది, ఒక్కో మాటా ఆగి ఆగి.

“ఇక్కడ గది మీ ఒక్కరిదే అమ్మగారూ. అక్కడ నలుగురుంటారు. పక్క మంచం ఆవిడ గురక పెడితే కిటికీ అద్దాలు అదురుతాయి.”

అత్తయ్య నవ్వింది. చప్పుడొచ్చేలా.

“పొద్దున ఆరింటికి లేపుతాం. నాకు నిద్రొస్తోందంటే కుదరదు. స్నానానికి వంతులుంటాయి.” కాస్త ఆగింది. “ఇక్కడ మీ అబ్బాయి రోజూ కనిపిస్తారు. అక్కడ ఆదివారమే.”

అత్తయ్య నవ్వు ఆగిపోయింది. తల తిప్పి గుమ్మంలో ఉన్న కొడుకుని చాలాసేపు చూసింది. కళ్లు నిండాయి. పెద్దాయా తొందర పెట్టలేదు, కళ్లు తుడవడానికి కూడా పోలేదు. కాసేపటికి అత్తయ్య మా ఇంటి ఫోటోని ఎడమచేత్తో తీసి గుండెకి ఆనించుకుంది. మా ఆయన ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది. అప్పుడు అత్తయ్య ఆ ఫోటోని తీసి ఆయన వైపు చాచింది, నువ్వుంచుకో అన్నట్టు. రెండో ఫోటోని బల్ల మీద జరుపుకుంటూ తన ఒళ్లోకి లాక్కుంది.

పెద్దాయా ఫోటోలు రెండూ వెనక్కి తీసుకుని, చోట్లు మార్చి, మళ్లీ మొదటినుంచి అంతా చెప్పింది. మళ్లీ హోము ఫోటోనే ఒళ్లోకి లాక్కుంది. మా ఆయన రెండోసారి చూడ్డానికి లేడు. పెరటి తలుపు వేసిన చప్పుడైంది.

ఆయన సాయంత్రం నా దగ్గరికొచ్చాడు. “ఎవరో వచ్చి ఫోటోలాట ఆడించి వెళ్తే అది తీర్పా? నువ్వు చదువుకున్నదానివి, ఇదే పనిలో ఉన్నదానివి. నువ్వడుగు.”

అడిగాను. ఏడున్నర అయింది. అత్తయ్య మాత్రలు వేసుకుని దిండుకి చేరగిలబడింది. టీవీలో ఎవరో అరుచుకుంటున్నారు. “హోముకి వెళ్తే మేం రోజూ రాలేం కదా, అక్కడ మీకు కష్టం కదా, అవన్నీ ఆలోచించుకునే వెళ్తానంటున్నారా అత్తయ్యా?” అన్నాను, గుక్కతిప్పుకోకుండా.

“ఊఁ.”

“లేకపోతే ఇక్కడే ఉంటారా?”

“ఊఁ.”

“చూశావా!” అన్నాడు మా ఆయన. పరీక్ష తప్పాననుకుని పాసైన కుర్రాడి మొహం పెట్టాడు. “మా అమ్మకేం తెలియదు. అది రాసివ్వు.”

నాకూ బరువు దిగినట్టే అయింది. రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

రాయాల్సింది నిజంగానే ఉంది. ఫారం చివర కుటుంబసభ్యుల మాట అని ఒక పేజీ. అది నింపితే తప్ప హోము నడిపే మేట్రన్ ఏదీ తేల్చదు. మంగళవారం క్లాసుకి ముందు తన గదిలో కూర్చోబెట్టి ఆ పేజీ నా ముందు పెట్టింది.

“మీకు తెలియనిదేముంది. ఆవిడ ఒప్పుకుంటేనే చేర్చుకుంటాం. ఒప్పుకునే సామర్థ్యం ఉందో లేదో అనుమానంగా ఉంటే చేర్చుకోం, మీ ఇంట్లోనే ఉంటారు. మీరేం చూశారో రాయండి.”

పెద్దాయా నింపిన పేజీలు పైన ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు. ఏ రోజు, ఎన్నింటికి, ఏ చోట, ఎదురుగా ఏమేం పెట్టింది, ఎంతసేపు ఆగింది. కొడుకు వైపు చూశారు, ఏడ్చారు, ఇంటి ఫోటో కొడుక్కి ఇచ్చారు అని కూడా రాసింది. తన అభిప్రాయం ఎక్కడా లేదు.

నేను చూసింది నేను రాయాలి. రెండిటికీ ఊఁ అన్నారు. అది అబద్ధం కాదు. ఆ ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే అత్తయ్య మా ఇంట్లోనే, తన గదిలోనే, తన టీవీ ముందే ఉండిపోతుంది. నలుగురూ మమ్మల్ని మెచ్చుకుంటారు. మా ఆయన పావుగంట ఆయనకి దక్కుతుంది. కలం మూత తీసి కిటికీలోంచి వాన చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మేట్రన్ రిజిస్టరు తిరగేస్తోంది. నాకు భయం వేసింది. అత్తయ్య వెళ్లిపోతుందని కాదు, ఆపడం ఇంత తేలిక అని.

మూడు వాక్యాలు రాశాను. “శనివారం రాత్రి ఏడున్నరకి, మాత్రలు వేసుకున్నాక, టీవీ మోగుతుండగా నేను అడిగితే రెండు ప్రశ్నలకీ ఊఁ అన్నారు. ఆ వేళ, ఆ ప్రశ్న, రెండూ నేనే ఎంచుకున్నాను. ఆ జవాబుని లెక్కలోకి తీసుకోవద్దు.”

మేట్రన్ చదివింది. “ఇంతేనా?”

“ఇంతే” అని క్లాసుకి వెళ్లాను. ఆవేళ పాఠం ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

మా ఆయన నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదోరోజు మాత్రం అత్తయ్య బట్టలు తనే మడిచి సర్దాడు. చీరలన్నీ తప్పుగా మడిచాడు. నేను సరిచేయలేదు. కారెక్కించేటప్పుడు అత్తయ్య ఆయన చెంప తడిమింది, నా చెయ్యి కూడా పట్టుకుని నొక్కింది. క్షమించిందా, వెళ్లొస్తానందా, నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

ఊళ్లో అనాల్సినవాళ్లు అన్నారు. మా ఆడపడుచు ఫోన్లో అరగంట ఏడ్చి, చివర్లో నన్ను దీవించిన దీవెనలు ఇక్కడ రాయడానికి బాగుండవు. “నీ చట్టం నీ నెత్తిన పెట్టుకుని ఊరేగు” అన్నది వాటిలో కాస్త మెత్తనిది.

వానలు వెనకపట్టిన ఒక ఆదివారం, రెండింటికే ఇద్దరం హోముకి వెళ్లాం. ముందుగా చెప్పలేదు. కన్నతల్లిని చూడ్డానికి చెప్పి రావాలా అన్నాడు మా ఆయన. వరండాలో కూర్చోమని పెద్దాయా లోపలికెళ్లింది. అద్దం తలుపులోంచి హాలు కనిపిస్తోంది. ఉతికిన దుప్పట్లు కుప్పపోసి ఉన్నాయి. ఆరేడుగురు ముసలమ్మలు ఇద్దరిద్దరుగా అంచులు పట్టుకుని మడుస్తున్నారు. మధ్యలో చక్రాల కుర్చీలో అత్తయ్య, కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, ఎడమచేత్తో చూపిస్తోంది. ఒకావిడ మడిచింది వంకరపోయినట్టుంది, మళ్లీ విప్పించింది. ఆవిడ సణుక్కుంటూ విప్పింది.

పెద్దాయా వెళ్లి అత్తయ్య ముందు వంగింది, మా వైపు చూపించింది. అత్తయ్య తలెత్తి మమ్మల్ని చూసింది. మొహం వెలిగింది. తర్వాత దుప్పట్ల కుప్ప చూసింది, గోడ గడియారం వైపు వేలు చూపి పెద్దాయాకి ఏదో సైగ చేసింది, మా వైపు అరచెయ్యి నిలబెట్టి చూపించింది.

పెద్దాయా బయటికొచ్చింది. “ఇప్పుడు వద్దంటున్నారండి. పనిలో ఉన్నారు. గడియారంలో నాలుగు చూపించారు.”

“నేనొచ్చానని చెప్పారా?” అన్నాడు మా ఆయన.

“చెప్పానండి. రెండుసార్లు అడిగాను.”

ఆయన తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. తోసుకుని వెళ్తే ఆపేవాళ్లెవరూ లేరు. కొంచెంసేపు అలాగే నిలబడి, పిడి వదిలేసి, వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆయన చూడకుండా తుడుచుకున్నాను. మూడేళ్లలో ఆవిడ వద్దంటే మేం ఆగడం అదే మొదలు.

“రెండుంబావే అయింది” అన్నాడు వాచీ చూసుకుని.

“కూర్చుందాం” అన్నాను. నాలుగయ్యేదాకా అక్కడే కూర్చున్నాం.